సరంగు ఆట: జట్లుగా విసిరి పట్టుకునే ఆటను మీరే తయారు చేసుకోండి

సంక్రాంతికి కోనసీమలో ఏ ఇంటికి వెళ్ళినా పది పదిహేనుమంది పిల్లలు తేలతారు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు, వైజాగ్ నుంచి వచ్చినవాళ్ళు, ఊళ్ళోనే పెరుగుతున్నవాళ్ళు. వయసు ఆరు నుంచి పదహారు దాకా. వీళ్ళందరినీ కలిపి ఆడించడం ఎంత కష్టమో ఆడించినవాళ్ళకే తెలుసు. క్రికెట్ పెడితే ఇద్దరు పెద్దపిల్లలు బ్యాటు వదలరు. కబడ్డీకి తల్లులు ఒప్పుకోరు. ఏడుపెంకులాట చాలా మంచి ఆట, కానీ బంతి ఒకసారి వీపున చుర్రుమనిపిస్తే కొత్తగా వచ్చిన పిల్ల మళ్ళీ ఆటలోకి రాదు. అందుకని నేను విసిరి పట్టుకునే ఆటల వైపు వెళ్ళాను. ఇందులో ఒకరినొకరు తోసుకోనక్కర్లేదు, బ్యాటూ వలా కొనక్కర్లేదు, ఆరేళ్ళ పిల్ల నుంచి అమ్మమ్మ దాకా ఎవరైనా చేతులు చాపి నిలబడవచ్చు.

ఆట ఎలా తయారు చేయాలో నేను చేసిన సరంగు ఆటనే ఉదాహరణగా పెట్టి చెబుతాను. జట్టులో సగంమంది ఒక గట్టున, సగంమంది ఎదుటి గట్టున నిలబడి, మధ్య కాలువలో అడ్డు నిలిచే ఎదుటి జట్టు సరంగుకు చిక్కకుండా అటూ ఇటూ విసురుకోవాలి; గట్టు, కాలువ అంటే నేల మీద గీసుకున్న గీతలే. అలాగే ఆడుకోవచ్చు, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

ముందు పట్టుకునేవాళ్ళ గురించి ఆలోచించండి

ఆట తయారు చేద్దామని కూర్చోగానే ఎంత దూరం విసరాలి, ఎంత గట్టిగా విసరాలి అన్న ఆలోచనే ముందు వస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒక ముక్కనుమ నాడు పిల్లల్ని రెండు జట్లు చేసి, టెన్నిస్ బంతి ఇచ్చి, ఎవరు ఎక్కువసార్లు పట్టుకుంటే వాళ్ళ జట్టు గెలిచినట్టు అని చెప్పాను. ఆట బాగా వేడెక్కింది, అరుపులు, కేకలు. ఇరవై నిమిషాలయ్యాక చూస్తే ఒక పదేళ్ళ పిల్ల అరుగు మీద వాళ్ళ నాయనమ్మ పక్కన కూర్చుని ఉంది. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా బంతి ఆమె వైపు రాలేదు. బాగా పట్టేవాళ్ళకే అందరూ విసిరారు. వాళ్ళ తప్పేమీ లేదు, నేను పెట్టిన నియమమే అలా విసరమంది.

ఆ రోజు నుంచి నేను ఆటను తిరగేసి ఆలోచిస్తున్నాను. మీరూ కాగితం మీద మొదటి మాటగా ఇది రాసుకోండి: ఈ జట్టులో అందరికంటే తక్కువగా పట్టగలిగే మనిషి ఎవరు, వాళ్ళ చేతుల్లోకి బంతి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే దూరం, బంతి, గీతలు, పాయింట్లు అన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

ఇళ్ళు కట్టేచోట ఇటుకలు పైకి అందించే కూలీలను ఎప్పుడైనా చూశారా? కిందివాడు ఇటుకను పైకి విసురుతాడు. అది పైనున్నవాడి చేతికి చేరేసరికి దాని వేగమంతా అయిపోయి, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. పైవాడు దాన్ని పువ్వులా అందుకుంటాడు. వాడు బాగా పట్టాడని మనం అనుకుంటాం. నిజానికి ఆ పట్టు కిందివాడి విసురులోనే ఉంది. విసిరి పట్టే ఆటంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. జారవిడిచినవాళ్ళను తిట్టే ఆట కాకుండా, విసిరేవాళ్ళు జాగ్రత్త నేర్చుకునే ఆట కావాలి.

ఏది విసరాలి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సగం ఆటలు చెడిపోయేది ఇక్కడే.

కార్కు బంతి వద్దు. దాని బరువు దాదాపు 160 గ్రాములు, గట్టిగా ఉంటుంది, వేళ్ళు వాస్తాయి. టెన్నిస్ బంతి 58 గ్రాముల దగ్గర ఉంటుంది, నొప్పి తక్కువే, కానీ అరచేతిలో పడగానే ఎగిరిపోతుంది. పట్టడం అలవాటు లేనివాళ్ళకు అదే పెద్ద చిక్కు. తిరనాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ బంతిని మన ఊళ్ళ గాలి ఎటు కావాలంటే అటు తీసుకుపోతుంది. బడిలో ఆడించే రబ్బరు రింగు చాలా మంచి వస్తువు, ఒంటి చేత్తో కూడా దొరుకుతుంది, కానీ ఎనిమిదేళ్ళలోపు పిల్లల వేళ్ళకు తగిలితే ఏడుస్తారు. కొబ్బరాకుతో అల్లిన బంతి ముచ్చటగా ఉంటుంది, పిల్లల చేత అల్లించండి కూడా, కానీ సాయంత్రానికి వదులైపోతుంది. పైగా మరీ తేలిక, పైకి ఎగరేస్తే తిన్నగా రాదు.

వీటన్నిటికంటే నాకు బాగా కుదిరింది చింతపిక్కల సంచి. చేతిలో పడితే పడ్డచోటే ఉంటుంది, ఎగరదు. కింద పడితే దొర్లదు. ఈ రెండో గుణం మన ప్రాంతానికి చాలా ముఖ్యం. ఎటు చూసినా కాలువో, బోదో, చేపల చెరువో ఉండే చోట దొర్లే బంతి పిల్లల్ని నీళ్ళ దాకా పరిగెత్తిస్తుంది.

సంచి కుట్టడం తేలిక. పాత జీన్ ప్యాంటు గుడ్డను ఆరంగుళాల చదరం ముక్కలుగా రెండు కత్తిరించండి. మూడు వైపులా రెండు వరసలు మిషను కుట్టు వేసి, లోపలి వైపు బయటకు తిప్పండి. కుట్లు పోను ఐదంగుళాల సంచి వస్తుంది. చింతపిక్కలను బాణలిలో కాస్త వేయించి చల్లార్చి నింపండి. పచ్చివి పోస్తే ఏడాదిలో పురుగు పట్టి పిండి రాలుతుంది. మూడొంతుల్లో రెండొంతులే నింపాలి. నిండా నింపితే రాయిలా తగులుతుంది, సగమే నింపితే గాలిలో చప్పగా వాలిపోతుంది. కిరాణా కొట్టు కాటాలో తూచి 120 నుంచి 150 గ్రాముల మధ్య ఉండేలా చూడండి, ఆ తర్వాతే నాలుగో వైపు కుట్టండి. రెండు జట్లకు రెండు రంగుల సంచులు, అదనంగా ఇంకో రెండు. ఎర్రది, పసుపుది అయితే దూరానికి కూడా కనిపిస్తాయి. ఆకుపచ్చ వద్దు, గడ్డిలో వెతుక్కోవాలి.

ఎక్కడ ఆడాలి

కొబ్బరితోటలో ఆడవద్దు. తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఇరవై ఐదడుగులు ఉంటుంది, నీడ ఉంటుంది, నేల శుభ్రంగా ఉంటుంది. చూడగానే ఇక్కడే గీతలు గీద్దామనిపిస్తుంది. కానీ ఈ ఆటలో అందరూ పైకి చూస్తూ, సంచి మీదే దృష్టి పెట్టి వెనక్కి అడుగులు వేస్తారు. ఎండుకాయో, కమ్మో రాలే చోట అలా ఆడించడం తప్పు. దింపు తీసి, అంటే కాయలు కోసి, నాలుగు రోజులే అయిందని ఎవరు చెప్పినా వినకండి.

సార్వా (వానాకాలపు వరి) కోసిన చేలో వరి దుబ్బులు కాళ్ళకు గుచ్చుకుంటాయి, పైగా సంక్రాంతికల్లా చాలా చేలు దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, తయారవుతుంటాయి. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో, పొలం ఖాళీగానే ఉంటుంది కానీ మన నల్లమట్టి నెర్రెలు తీస్తుంది. ఆ నెర్రెల్లో మడమ మెలిక పడితే నెల రోజులు కుంటాల్సిందే. బడి గ్రౌండు, గుడి ముందు ఖాళీ జాగా, చదును చేసిన కళ్ళం, ఈ మూడూ మంచివి. అంతర్వేది, ఓడలరేవు వంటి చోట ఇసుకలో ఆడితే పడినా దెబ్బ తగలదు, కానీ సముద్రపు గాలికి ఆట ఆడటం కష్టం. ఉదయం తొమ్మిదిలోపు అయితే కొంత నయం. వేసవిలో గోదావరి మధ్య ఇసుక తిన్నెలు ఎంత పిలిచినా పిల్లల్ని ఆటకని తీసుకెళ్ళకండి.

ఎక్కడైనా సరే, దగ్గర్లోని నీళ్ళకు కనీసం యాభై అంగల దూరం ఉండాలి. సంచి అటు వైపు పడితే పెద్దవాళ్ళే వెళ్ళి తేవాలి. ఈ ఒక్క మాట ఆట మొదలుపెట్టే ముందు పిల్లలందరి చేతా చెప్పించండి.

దిక్కు కూడా చూసుకోండి. విసురు ఉత్తరం నుంచి దక్షిణానికి, దక్షిణం నుంచి ఉత్తరానికి ఉండాలి. తూర్పు పడమరలుగా పెడితే సాయంత్రం ఒక గట్టు మీదివాళ్ళందరికీ ఎండ కళ్ళలో కొడుతుంది, సంచి కనిపించదు. వేసవి సాయంత్రాల్లో పైరగాలి దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి ఈ దిక్కు గాలికీ సరిపోతుంది. ఒక గట్టు నుంచి గాలికి ఎదురు, రెండో గట్టు నుంచి గాలి వాలు. రెండు జట్లవాళ్ళూ రెండు గట్ల మీదా ఉంటారు కనుక ఎవరికీ అన్యాయం జరగదు. గాలి పక్క నుంచి కొడితే మాత్రం ఒకళ్ళ సంచి ఇంకొకళ్ళ వైపు పోతుంది.

గీతలు

ఈ ఆటకు నేను సరంగు ఆట అని పేరు పెట్టుకున్నాను. మన గోదావరి మీద లాంచీ నడిపేవాడు సరంగు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్యో, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్యో పంటు (బళ్ళనూ మనుషులనూ నది దాటించే పెద్ద పడవ) ఎక్కినవాళ్ళకు రేవు, గట్టు, ట్రిప్పు అన్న మాటలు కొత్త కాదు. ఆటకు ఊరి మాటలు పెడితే నియమాలు సగం వాటికవే గుర్తుంటాయి. ఇది కాలువ, ఇది గట్టు అంటే ఆరేళ్ళ పిల్ల కూడా కాలువలో కాలు పెట్టదు.

కొలతకు టేపు అవసరం లేదు, బార చాలు. రెండు చేతులూ చాపితే ఒక బార, సుమారు ఆరడుగులు. ఒక పెద్దమనిషి బారతోనే మొత్తం కొలవండి, ఇద్దరు కొలిస్తే తేడా వస్తుంది. పొడవూ వెడల్పూ ఏడేసి బారల చదరం కావాలి. అంటే నలభై రెండడుగులు, దాదాపు నాలుగు సెంట్లు. చుట్టూ ఒక బార ఖాళీ వదిలితే ఏడు సెంట్ల జాగా సరిపోతుంది.

ఆ చదరాన్ని ఉత్తర దక్షిణాలుగా ఇలా పంచండి. మొదటి రెండు బారలు ఉత్తరపు గట్టు. మధ్య మూడు బారలు కాలువ. చివరి రెండు బారలు దక్షిణపు గట్టు. కాలువను మళ్ళీ ఒక్కో బార చొప్పున మూడు పట్టీలు చేయండి. నడిమి పట్టీయే పడవ. ఇక తూర్పు పడమరలుగా మూడు బారలు ఒక జట్టుకు, మధ్యలో ఒక బార ఖాళీ, తర్వాత మూడు బారలు రెండో జట్టుకు. రెండు జట్లూ పక్కపక్కనే, ఒకేసారి ఆడతాయి.

మూలలు వంకర పోకుండా ఉండటానికి తాపీమేస్త్రులు మూలమట్టం చూసే పద్ధతి ఉంది. పన్నెండు బారల కొబ్బరి తాడు తీసుకుని మూడో బార దగ్గర ఒక ముడి, ఏడో బార దగ్గర ఇంకో ముడి వేసి, రెండు కొసలూ కలపండి. ఆ ముళ్ళ దగ్గరా కొసల దగ్గరా ముగ్గురు పట్టుకుని బిగించి లాగితే మూడు, నాలుగు, ఐదు బారల భుజాలతో త్రికోణం వస్తుంది. మూడు బారల భుజం, నాలుగు బారల భుజం కలిసే మూల సరిగ్గా మట్టంగా ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఇది చేయించండి, లెక్కల పుస్తకంలో చదివింది కళ్ళ ముందు కనిపిస్తే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

తాడును గీతగా నేల మీద వదిలేయకండి, కాలికి చుట్టుకుంటుంది. తాడు బిగించి, దాని వెంట ముగ్గుతో గీత పోసి, తాడూ మేకులూ తీసేయండి. పండగ రోజుల్లో ముగ్గు ఎలాగూ ఇంట్లో ఉంటుంది.

నియమాలు

జట్టుకు ఏడుగురు. ముగ్గురు ఉత్తరపు గట్టు మీద, ముగ్గురు దక్షిణపు గట్టు మీద. ఏడోవాళ్ళు సరంగు. మీ సరంగు మీ కాలువలో ఉండరు, ఎదుటి జట్టు కాలువలో నడిమి పట్టీలో నిలబడి వాళ్ళ సంచిని అడ్డుకుంటారు.

ఆట మొదలైనప్పుడు ఉత్తరపు గట్టు మీద ఒకరి చేతిలో సంచి ఉంటుంది. వాళ్ళు అవతలి గట్టు మీద ఎవరికైనా విసరవచ్చు. పట్టుకున్నవాళ్ళు వెంటనే ఇవతలి గట్టుకు విసిరి కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళకు మళ్ళీ విసరకూడదు. అలా అటూ ఇటూ తిరిగి, చివరికి మొదట విసిరినవాళ్ళ చేతిలోకే సంచి వస్తే ఆరుగురూ ఒక్కోసారి పట్టినట్టు. ఒక ట్రిప్పు పూర్తి. జట్టంతా లేచి "రేవు!" అని అరవాలి, ఒక పాయింటు. అక్కడి నుంచే రెండో ట్రిప్పు మొదలు. తప్పులు లేకుండా సాగితే ఒక ట్రిప్పు అరనిమిషంలో అయిపోతుంది.

చెయ్యి భుజం పైకి లేవకుండా, కింది నుంచే విసరాలి. విసిరేటప్పుడు గానీ పట్టేటప్పుడు గానీ కాలువ గీత తొక్కకూడదు. తొక్కితే మళ్ళీ విసరాలి, అంతే.

సంచి కింద పడితే ఏమవుతుంది? మొదట నేను ట్రిప్పు మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలని పెట్టాను. ఐదుగురు పట్టాక ఆరో పిల్ల జారవిడిస్తే జట్టంతా ఆమె మీద విరుచుకుపడింది. "నీ వల్లే" అన్న మాట విన్నాక ఆ నియమాన్ని అక్కడికక్కడే తీసేశాను. ఇప్పుడు కింద పడితే పట్టాల్సినవాళ్ళు సంచిని నేల మీదుగా తిరిగి ఇస్తారు, విసిరినవాళ్ళే మళ్ళీ విసురుతారు. పోయేది కొన్ని సెకన్లు మాత్రమే. సరంగు గాలిలోనే పట్టేస్తే మాత్రం ట్రిప్పు మొదటికి వస్తుంది, కూర్చున్నవాళ్ళందరూ లేవాలి. సరంగు చేతికి చిక్కడం విసిరినవాళ్ళ తప్పు. ఈ ఒక్క మార్పుతో తప్పు భారం పట్టేవాళ్ళ మీద నుంచి విసిరేవాళ్ళ మీదికి వెళ్ళింది. ఆట రూపమే మారిపోయింది. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు విసిరే ముందు "రెడీనా? చేతులు చాపు" అని అడగడం నేను చెప్పి చేయించింది కాదు.

సరంగుకు రెండే కట్టుబాట్లు. నడిమి పట్టీ దాటకూడదు, పైకి ఎగరకూడదు. చేతులు ఎంతైనా చాపవచ్చు. ఎగరనిస్తే పొడుగ్గా ఉన్న పదిహేనేళ్ళ కుర్రాడు అన్నీ పట్టేస్తాడు, మిగతావాళ్ళకు ఆటే ఉండదు.

ఆట ఏడు నిమిషాలు. నిమిషానికోసారి సరంగు మారాలి, అప్పుడు ఏడుగురికీ ఆ పని వస్తుంది. బూర మోగగానే అందరూ ఆగుతారు. కొత్త సరంగు కాలువలోకి వెళ్తే పాత సరంగు వాళ్ళ చోటుకు వస్తారు. ఆ చోటులోవాళ్ళు కూర్చుని ఉంటే వీళ్ళూ కూర్చుంటారు, చేతిలో సంచి ఉంటే ఆ సంచి తీసుకుంటారు.

ఏడుగురు లేకపోతే ఐదుగురితో ఆడండి, గట్టుకు ఇద్దరు. రెండు గట్ల మీదా సమానంగా ఉండటం తప్పనిసరి. ఒక గట్టున ముగ్గురు, ఒక గట్టున ఇద్దరు ఉంటే సంచి అటూ ఇటూ తిరిగేటప్పుడు చివరి మనిషికి విసిరేవాళ్ళు మిగలరు, ట్రిప్పు పూర్తికాదు. నేను ఇది కాగితం మీద చూసుకోలేదు, ఆట మధ్యలో తెలిసింది. ఒకరు ఎక్కువైతే లెక్క రాసే పని ఇచ్చి నిమిషానికోసారి మార్చండి.

విసరడం, పట్టడం నేర్పండి

ఆట ముందు పది నిమిషాలు దీనికి కేటాయించండి. సరంగు లేకుండా, రెండు బారల దూరంలో ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టండి.

పట్టేటప్పుడు గుడిలో తీర్థం పట్టినట్టు దోసిలి పట్టమనండి. ఈ మాట చెబితే ఇంకేమీ వివరించక్కర్లేదు, చిటికెన వేళ్ళు వాటికవే కలుస్తాయి. సంచి అరచేతిని తాకగానే చేతులు పొట్ట వైపుకు లాక్కోవాలి. చేతులు బిగబట్టి ఎదురుపెడితే జారిపోతుంది. ఛాతీ కంటే పైకి వచ్చే సంచికి మాత్రం వేళ్ళు పైకి చూడాలి.

విసిరేవాళ్ళకు ఎత్తు నేర్పండి. పదహారడుగుల ఎత్తు నుంచి పడే వస్తువు నేలకు చేరడానికి ఒక సెకను పడుతుంది, చేరేసరికి దాని వేగం గంటకు 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే సరంగుకు అందకూడదని మరీ ఆకాశంలోకి విసిరితే పట్టేవాళ్ళ చేతులు మండుతాయి. రెండు బారల ఎత్తు చాలు. పెంకుటింటి చూరు మీదుగా అవతలికి వేసినట్టు విసరమంటే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఆ ఎత్తుకు సరంగు చేతులు చాపినా అందదు, పట్టేవాళ్ళకు మాత్రం మెత్తగా వస్తుంది.

ఆడించి చూడండి, ఒకసారికి ఒకటే మార్చండి

పండగ రోజున కొత్త ఆట మొదటిసారి పెట్టకండి. రెండు రోజుల ముందే దొరికిన పదిమందితో ఆడించి చూడండి. మూడు నిమిషాలు ఆడించి ఆపండి. మీ చేతిలో కాగితం ఉండాలి, పది విసుళ్ళలో ఎన్ని పట్టారో గీతలు పెట్టుకోండి. నా లెక్కలో ఆరో ఏడో పడితే ఆట సరిగ్గా ఉన్నట్టు. తొమ్మిది పడుతుంటే కాలువ ఇరుకు, రెండు గట్ల అంచులూ ఒక్కో అడుగు వెనక్కి జరపండి. ఐదు కంటే తక్కువైతే లోపలికి జరపండి. అదే సమయంలో సంచి మార్చడం, జట్టు మార్చడం చేయకండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు.

అంకెల కంటే ముఖ్యమైనవి మనుషులు. నిమిషం పాటు సంచి చేతికి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరైనా వెనక గీత దాకా జరిగిపోయి నిలబడ్డారా? ఒకే చోట పదే పదే తగాదా వస్తోందా? వస్తే అక్కడ నియమం సరిగ్గా లేదు, పిల్లల్ని కేకలేయకుండా నియమం మార్చండి. మాకు "సరంగు పట్టాడా, తాకాడా" అన్న దగ్గరే రోజూ గొడవ. తాకి కింద పడితే మామూలు జారుడే, రెండు చేతుల్లో నిలిస్తేనే పట్టు అని చెప్పాక తగ్గింది.

ఆట అయ్యాక అందరికంటే చిన్న పిల్లనూ, అందరికంటే నెమ్మదస్తుణ్ణీ విడిగా అడగండి. ఆటలో ఏది బాగాలేదని అడిగితే చెప్పరు. ఏది మారిస్తే బాగుంటుందని అడగండి, చెబుతారు.

జట్లు, అంపైరు, పెద్దవాళ్ళు

ఇద్దరు నాయకులు ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఎంచుకునే పద్ధతి వద్దు. చివరికి మిగిలిపోయే పిల్ల బాధ నాకు బాగా తెలుసు. మన పాత పద్ధతే మంచిది. వయసులో, బలంలో సరిసమానంగా ఉండే ఇద్దరిద్దరు జంటగా పక్కకు వెళ్ళి రహస్యంగా పేర్లు పెట్టుకుని వస్తారు, మల్లెపువ్వా మందారమా అని నాయకుణ్ణి అడుగుతారు. ఎవరు ఎటు వెళ్ళేదీ పేరు తేలుస్తుంది. ఎవరికీ చిన్నతనం ఉండదు, జట్లు కూడా సమానంగా వస్తాయి. జట్టులో ఎవరు ముందు విసరాలో తేల్చడానికి పంటలేసుకుంటే సరి.

అంపైరుగా తాతయ్యను కూర్చోబెట్టండి. చేతికి ఈల బదులు కొబ్బరాకు బూర ఇవ్వండి, పిల్లలే చుట్టి ఇస్తారు. పక్కన రెండు గిన్నెలు, ట్రిప్పు పూర్తయినప్పుడల్లా ఆ జట్టు గిన్నెలో ఒక చింతపిక్క. చివర్లో అందరి ముందూ లెక్కపెడితే తొండి అన్న మాటే రాదు. తాతయ్య మాటే ఆఖరు మాట అని ముందే ఒప్పించండి.

ఏడేళ్ళలోపు పిల్లలకు ఒక తువ్వాలు ఇవ్వండి, రెండు చేతులతో చాపి అందులో పట్టవచ్చు. అమ్మమ్మలూ నాయనమ్మలూ కొంగు పట్టవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చోవడానికి వెనక ఒక కుర్చీ వేయండి. అలా ఆడినా పట్టు పట్టే, పాయింటు పాయింటే. మొదటిసారి ఒక అమ్మమ్మ కొంగులో సంచి పడినప్పుడు రెండు జట్లూ కలిసి అరిచిన అరుపు నాకు ఇంకా చెవుల్లో ఉంది. పెద్దవాళ్ళు ఆడే జట్టు మీదికి చిన్నపిల్లను సరంగుగా పంపడం మంచిది.

ఎండాకాలంలో సాయంత్రం నాలుగున్నర దాటాకే మొదలుపెట్టండి, మజ్జిగ సిద్ధంగా ఉంచండి. ఉక్కపోతకు పిల్లలు దాహం తెలియకుండానే ఆడేస్తారు. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మంచుకు నేల తడిగా ఉంటుంది, ఎండ వచ్చేదాకా ఆగండి. వాన పడితే మాత్రం ఆ రోజుకు వదిలేయండి. మన బంకమట్టి మీద తడిలో నిలబడటమే కష్టం.

నాలుగైదు సార్లు ఆడాక పిల్లలు మార్పులు అడుగుతారు. ఎడమ చేత్తోనే విసరాలంటారు, మాటల్లేకుండా ఆడదామంటారు, ఒక జట్టుకు రెండు సంచులు ఇమ్మంటారు. రెండు సంచుల ఆట చూడటానికి గందరగోళంగా ఉంటుంది కానీ పదకొండేళ్ళు దాటినవాళ్ళు తొందరగానే అందుకుంటారు. అందులో కూర్చోవడం తీసేసి, ఏడు నిమిషాల్లో మొత్తం ఎన్ని పట్టారో లెక్కపెట్టండి, కానీ తనకు విసిరినవాళ్ళకే వెంటనే తిరిగి విసిరితే ఆ పట్టు లెక్కలో కలవదన్న నియమం ఉంచండి. లేకపోతే మళ్ళీ ఇద్దరే ఆడతారు. మాటల్లేని ఆటను నేను ముందు నమ్మలేదు. ఆడించాక చూస్తే ఎవరికి విసరాలో కళ్ళతోనే చెప్పుకుంటున్నారు, అరుగు మీద కూర్చునే ఆ పిల్ల అందులో అందరికంటే బాగా ఆడింది. ఇప్పుడు ఎదుటి జట్టుకు ఆమె సరంగు అంటే భయం.

పండగ అయిపోయాక సంచుల కుట్లు చూసుకుని, ఊడినచోట మళ్ళీ కుట్టి, ఒక రోజంతా ఎండలో పెట్టి, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయండి. చింతపిక్కల వాసనకు అవి ముందు వచ్చేది అక్కడికే.